పదకొండు గురివింద గింజలు

యాత్రకు పోయిన ప్రతి చోటు నుంచీ నేను ఒక్క గురివింద గింజ తెచ్చుకునేదాన్ని. గుడి మెట్ల పక్కన పూసలు అమ్మేవాళ్ల దగ్గర దొరికేది. లేకపోతే పొదల్లో వెతికి తెంపుకునేదాన్ని. దాన్ని చూస్తే ఆ దర్శనం మళ్లీ కళ్లముందుకు వచ్చేది. మా ఆయన నవ్వేవాడు.

"అందరు లడ్డు తెస్తరు, నువ్వు గింజలేరుకొస్తవ్. పోయిన జన్మల కోడివా ఏంది?"

ఇబ్రహీంపట్నంలో మా ఇంటి దేవుడి అరలో, ఇత్తడి భరిణెలో వాటిని దాచాను. ఎన్ని ఉన్నాయో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. దేవుడి ముందు పెట్టినవి లెక్కపెడితే తరుగుతాయని మా అమ్మ అనేది. బడికి పోని నాకు ఇంట్లో అక్షరాలు దిద్దించింది ఆమే. ఆమె మాట నేనెన్నడూ దాటలేదు. గురివింద విషమనీ నాకు తెలుసు. దేవుడి దగ్గర ఉన్నది ఎవరికేం చేస్తుందిలే అనుకున్నాను.

పోయిన శ్రావణంలో ఒక శుక్రవారం అర తుడుద్దామని భరిణె కింద పెట్టి నీళ్లకు వెళ్లాను. వచ్చేసరికి ఏడాదిన్నర మనుమరాలు గింజల మధ్య కూర్చుని ఉంది. పెదవుల మధ్య ఒకటి తడిగా మెరుస్తోంది. వేలు పెట్టి తీసి కింద పడేశాను. వెనకే వచ్చిన కోడలు కేక పెట్టింది.

"అత్తమ్మా, గవి విషం! ఎన్ని మింగింది?"

పిల్ల నోట్లో మళ్లీ వేలు పెట్టి వెతికాను.

మా ఆయనను గింజలు వెతకమని ఇంట్లో ఉంచి, మేమిద్దరం పిల్లను ఆటోలో పట్నం దవాఖానకు తీసుకుపోయాం. బొంగులూరు దాటేదాకా పిల్ల నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా భయమేసింది.

"నమిలితే కష్టం. పొట్టు పగలకుంటే గట్లనే బయటికొస్తది," అన్నాడు డాక్టరు. "ఇంట్ల మొత్తం ఎన్నుండెనమ్మా?"

పిల్లకు ఏదో నల్లటి మందు తాగిస్తుంటే, నేను బెంచీ మీద కూర్చుని యాత్రలు తలచుకున్నాను. వేములవాడ ఒకటి. కొండగట్టు ఒకటి. భద్రాచలం, కాళేశ్వరం, శ్రీశైలం... జపం చేసినట్టే వేళ్లు మడిచాను. పదకొండు వచ్చాయి. అంతలో మా ఆయన ఫోన్ చేశాడు.

"నువ్వు నోట్లకెల్లి తీసింది గలిపి తొమ్మిదే ఉన్నయ్. మంచం కింద గూడ చూసిన."

అంటే కడుపులో రెండు.

పిల్లను దవాఖానలోనే ఉంచుకున్నారు. ఆ రోజంతా పిల్ల కునికినా భయమే, ఏడ్చినా భయమే. మర్నాడు పొద్దున పిల్ల దొడ్డికి పోయినప్పుడు ఒకటి వచ్చింది. కోడలు కడిగి కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా గీత లేదు. స్వామీ అని గోడకే దండం పెట్టాను. రెండోది మాత్రం రాలేదు. మూడో రోజూ రాలేదు.

"రక్తపరీక్షలు మంచిగున్నయ్, తీస్కపోండి," అన్నాడు డాక్టరు. "వాంతులైతే మాత్రం జర జల్ది తీస్కరాండి."

ఇంటికొచ్చాక మా ఆయన అడిగాడు. "కాళేశ్వరంల మస్తు వాన గద, బండే దిగకపోతిమి. గాడ యాడ తెచ్చినవ్ గింజ?"

తెచ్చానో లేదో ఎంత తలచుకున్నా తేలలేదు. ఉన్నవాటిని ఆయన ఆ పూటే కాల్చేశాడు.

పిల్ల ఇప్పుడు ఇల్లంతా పరుగెత్తుతోంది. దక్కించినందుకు రోజూ స్వామికి మొక్కుతాను. మొక్కి లేచాక మళ్లీ వంగి అర కింద, తలుపు సందుల్లో వేళ్లతో తడుముతాను. కోడలు నన్ను ఒక్క మాట అనలేదు. తనే వచ్చి చాప అంచు ఎత్తి పట్టుకుంటుంది.