బోర్లా పడని పాప

మా క్లినిక్ నర్సుని అందరూ పోలీసక్క అంటారు. ఉత్త జలుబని తెచ్చినా సరే, పసిపిల్లలకు బట్టలన్నీ విప్పించి, ముందూ వెనకా చూస్తేగాని బరువు తూచదు. "మీ బంగారాన్ని నేనేం కొరుక్కుతిననులెండి!" అంటూనే చంకలూ చెవుల వెనకా వెతికేస్తుంది. విసుక్కున్న తల్లుల చేత తిట్లు తినేది మాత్రం నేను, చీటీలు రాసేదాన్ని కదా!

ఒకరోజు ఆవిడ తమ్ముడూ మరదలూ నాలుగు నెలల పాపని తీసుకొచ్చారు. దగ్గట. తమ్ముడు నాతో ఒకటే పరాచికాలు. మరదలు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

అక్క పాప చొక్కా విప్పింది. జబ్బ మీద నీలంగా వేళ్ళ గుర్తులు. చెవి వెనక ఇంకో మచ్చ.

"ఇదేంట్రా?"

"నిన్న మంచం మీంచి దొర్లి పడిందక్కా. పిల్లలన్నాక పడరా ఏంటి?"

ఆ పాపకి ఇంకా బోర్లా పడటమే రాదు. అక్క మొహం పాలిపోయింది. నాకైతే మరదలి మీదే అనుమానం. కన్నతల్లి అలా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుందా?

అక్క వెంటనే డాక్టరుగారిని పిలిచింది. "సొంత తమ్ముడి బిడ్డ సార్. నేను చూస్తే చాలదు, మీరు చూడండి." ఆయన చూసి, తమ్ముణ్ణి బయట కూర్చోమన్నారు.

తలుపు పడగానే మరదలు భోరుమంది. "ఏడిస్తే చాలు, పట్టుకుని ఊపేస్తారు వదినా. అడ్డమెళ్తే నన్నూ కొడతారు. మీరు బట్టలు విప్పించి చూస్తారనే దగ్గు వంక పెట్టి తెచ్చాను."

నా అనుమానం మండిపోనూ!

డాక్టరుగారు పిల్లల రక్షణ అధికారులకు ఫోన్ చేశారు. పెద్దాసుపత్రిలో తలా ఎముకలూ పరీక్ష చేయించాలనీ, పాప ఇవాళ ఇంటికి వెళ్ళదనీ తమ్ముడికి చెప్పేశారు.

వాడు అక్క మీదికొచ్చాడు. "ఇంటి గుట్టు రచ్చకీడుస్తావా? అమ్మ పోతే నన్ను పెంచింది నువ్వే కదే! బిడ్డనిలా ఇవ్వు, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

అక్క తన చేతుల్లో ఉన్న పాప వంక చూసింది. ఇచ్చేస్తుందేమోనని నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"ఇవ్వకపోతే ఇవాళ్టితో నాకు అక్క లేదు!"

"లేకపోతే పోనీరా," అంది, పాపని ఇంకా దగ్గరికి పొదువుకుని. "దీనికి మేనత్త ఉంది."