మూడు నిమిషాల ఎంపిక

బళ్ళో పిల్లలు నాకు పెట్టిన పేరు రేడియో. ఆ సంగతి నాకు తెలియదనుకుంటారు, పిచ్చి సన్నాసులు. ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. నోరు తెరిస్తే గంట కొట్టేదాకా మూయను. ఇంట్లోనూ అంతేనని మా ఆయన దెప్పుతుంటాడు. నోరున్నవాళ్ళే పాఠం చెప్పగలరని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒక పిల్ల కొంప ముంచాను.

నిరుడు పెద్ద క్లాసు పిల్లల చేత చిన్నవాళ్ళకు లెక్కలు చెప్పించాలని బళ్ళో అనుకున్నారు. ఎంపిక నా నెత్తిన పడింది. దరఖాస్తులు పన్నెండు వచ్చాయి, కావలసింది ఆరుగురు. ఎందుకు చేరాలనుకుంటున్నావని అడిగితే, కూడబలుక్కున్నట్టు అందరూ సేవ చేయడం ఇష్టమని రాశారు. టైలరు గారి పెద్దమ్మాయి ఒక్కతే, పెద్దయ్యాక టీచరు కావాలని ఉందనీ, తనకు చెప్పడం వస్తుందో రాదో తెలుసుకోవాలనీ రాసింది. చదివి ముచ్చటపడ్డాను కూడా.

భిన్నాల్లో ఎప్పుడూ సున్నాలు తెచ్చుకునే ఆరో తరగతి పిల్లనొకదాన్ని ముందు కూర్చోబెట్టాను. ఒక్కొక్కరు మూడు నిమిషాల్లో దానికి ఒక భిన్నాల లెక్క నేర్పాలి. మిగతావాళ్ళు చూస్తున్నారు, నేను గడియారం పట్టుకున్నాను. ఒక్కొక్కడూ గడగడా వాయించి బోర్డు నింపేస్తుంటే నాకు కడుపు నిండిపోయింది. టైలరు గారమ్మాయి వంతు వచ్చింది. లెక్క ఇచ్చి, "ముందు ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగి ఊరుకుంది. చిన్నది పెన్సిలు కొరికింది, ఏదో రాసింది, చెరిపింది. టైలరు గారమ్మాయి పక్కనే కూర్చుని చూస్తోంది తప్ప పెదవి విప్పదు. రెండు నిమిషాలు గడిచాయి. నాకు ఒళ్ళు మండింది.

"ఏమ్మా, మూగనోము పట్టావా? చెప్పడం రానిదానివి ఎందుకొచ్చినట్టు?" అన్నాను.

గది ఘొల్లుమంది. ఆ పిల్ల మొహం కందిపోయింది. నేను దాని పేరు కొట్టేశాను.

ఆరుగురూ రెండు నెలలు పాఠాలు చెప్పాక, పరీక్షలో ఆ ఆరో తరగతి పిల్లకు మళ్ళీ అవే సున్నాలు. ఇంతమంది చెబుతుంటే ఇదేం బుద్ధి అని కూకలేశాను. అది భయపడుతూనే జవాబిచ్చింది.

"వాళ్ళే చేసేస్తారు మేడమ్, నేను చూస్తా. ఆ రోజు మీరు తిట్టారే, ఆ అక్క ఒక్కతే నన్ను చెయ్యనిచ్చింది. మీరు ఇంకొంచెం ఆగుంటే లెక్క వచ్చేసేది."

సిగ్గుతో చచ్చిపోయాను. నేను ఎంచుకున్న ఆరుగురూ అచ్చం నాలాంటివాళ్ళే.

సాయంత్రం అందరూ వెళ్ళేదాకా ఆగి, వరండాలో టైలరు గారమ్మాయిని నిలబెట్టాను. తప్పు నాదేననీ, రేపటినుంచి వచ్చి పాఠం చెప్పమనీ అడిగాను. అది మర్యాదగా తల వంచుకుంది.

"వద్దు మేడమ్. నాకు రాదని అప్పుడే తెలిసిపోయింది కదా. ఇంట్లో చెల్లికి చెప్పడం కూడా మానేశాను, తప్పు నేర్పుతానేమోనని. మీరేం బాధపడకండి."

నన్ను ఓదార్చి మెట్లు దిగి వెళ్ళిపోయింది. అన్నదేమో పదిమందిలో, తప్పు ఒప్పుకున్నదేమో ఎవరూ లేనిచోట. దానికి ఆ మాత్రం తెలియదా?

మర్నాడు మొదటి పీరియడు ఆ పెద్ద క్లాసుకే వెళ్ళాను. ఆ రోజు నవ్విన వాళ్ళంతా ఉన్నారు, ఆ పిల్లా ఉంది. తప్పు నాదేనన్న మాట నోటిదాకా వచ్చింది. పుస్తకాలు తీయమన్నాను.