గీత పడిన రికార్డు అట్ట పట్టుకుని రిచ్‌మండ్ హిల్‌కి

కెనడాలో, ఒట్టావా శివారు కనాటాలో మేము అద్దెకుండే ఇంటి పై అంతస్తులో ఇంటావిడ మార్గరెట్ గారు ఉంటారు. బేస్‌మెంట్ మాది. పోయిన చలికాలం మా ఆయన ఆఫీసుకు వెళ్ళాక ఆవిడ నన్ను రోజూ టీకి పైకి పిలిచేవారు. నాకు ఇంగ్లీషు వింటే కొంత అర్థమవుతుంది కానీ, మాట్లాడటానికి నాలుగు మాటలు కూడా రావు. ఏడో తరగతిలో బడి మానేసి, కామారెడ్డిలో టైలర్ షాపులో హుక్కులు, కాజాలు కుట్టినదాన్ని. మాటలు సాగవని తెలిశాక ఆవిడ పాత రికార్డులు పెట్టడం మొదలుపెట్టారు. అన్నీ ఒకే గాయనివి. విన్నీ హాల్డేన్ అని, అరవైలలో ఇంగ్లండులో ఎంతో పేరున్న పాప్ గాయనట. మార్గరెట్ గారు అక్కడే పుట్టారు. పదిహేడేళ్ళప్పుడు విన్నీని డాన్స్ హాల్లో చూసి, బస్సు డబ్బులతో ఆవిడ రికార్డు కొని, ఇంటికి నడిచి వెళ్ళారట. అందులో వాన పాట ఒకటుంది. దాన్ని తెలుగు అక్షరాల్లో నోట్‌బుక్కులో రాసుకుని, గిన్నెలు తోముతూ పాడుకునేదాన్ని.

ఏప్రిల్‌లో విన్నీ కెనడా వస్తోందని తెలిసింది. ఎనభై దాటిన మనిషి, ఇవే చివరి కచేరీలు. టోరంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లో కచేరీకి మార్గరెట్ గారు తనకీ నాకూ టికెట్లు కొన్నారు. వారం ముందు మెట్ల మీద జారి ఆవిడ తుంటి ఎముక విరిగింది. మంచం మీద నుంచే ఆ రికార్డు అట్ట నా చేతిలో పెట్టి, దాని మీద విన్నీ చేత సంతకం చేయించుకు రమ్మన్నారు. కచేరీ శనివారం, ఆ రోజే మా ఆయనకు ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, కదలడానికి లేదు. నేను ఎప్పుడూ ఒంటరిగా ఊరు దాటలేదు. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే ఇప్పటికీ ఆయన వెనక నిలబడతాను.

"నువ్వేం మాట్లాడక్కర్లేదు. చీటీ రాసిస్తా, చూపిస్తే చాలు. మేనేజ్ చేస్తావులే" అన్నారాయన.

శనివారం తెల్లవారాక ఆయన ఒట్టావా రైల్వే స్టేషన్‌లో దింపారు. కారు లేనివాళ్ళు కనాటా నుంచి సిటీ బస్సు, ఆ పైన లైట్ రైలు పట్టుకుని రావచ్చు, గంటన్నర చేతిలో ఉంచుకోండి. టోరంటో రైలు నాలుగున్నర గంటలు. నెల ముందే కొన్నాం కాబట్టి రానూపోనూ నూట ముప్పై డాలర్లలో అయిపోయింది. దారిలో తినడానికి కట్టుకున్న పెరుగన్నం కింగ్‌స్టన్ దాటాక తిన్నాను. కిటికీ పక్కన సరస్సు చాలాసేపు కనిపిస్తుంది, ఎడమవైపు సీటు దొరికితే కూర్చోండి.

చిక్కు టోరంటో యూనియన్ స్టేషన్‌లో, నేల కింద నడిచే సబ్‌వే దగ్గర వచ్చింది. చీటీలో "సబ్‌వే, నార్త్ వెళ్ళే రైలు, చివరి స్టేషన్, అక్కడ బస్సు" అని ఉంది. ప్లాట్‌ఫారం మీద స్టేషన్ శుభ్రం చేస్తున్న పెద్దాయనకు చూపించాను. ఆయన చదివి నవ్వారు. "ఈ లైన్ రెండు చివరలూ నార్తేనమ్మా. నువ్వు ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగారు. చీటీలో దానికి జవాబు లేదు. రైలు వచ్చి వెళ్ళిపోయింది. "రిచ్‌మండ్ హిల్. యంగ్ స్ట్రీట్. పాట" అన్నాను. "అయితే ఫించ్ వైపు ఎక్కు" అని చెప్పి, రైలు వచ్చేదాకా ఆయన నా పక్కనే నిలబడ్డారు. ఫించ్‌లో దిగి యంగ్ స్ట్రీట్ మీద ఉత్తరానికి వెళ్ళే బస్సెక్కితే థియేటర్ దగ్గరే ఆగుతుంది. అంతా కలిపి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. కచేరీ మధ్యాహ్నం రెండింటికి.

గుమ్మం దగ్గర టికెట్లు చూసే ఆవిడ నా చేతిలో అట్ట చూసి తల అడ్డంగా ఊపింది. సంతకాలు లేవు, విన్నీ పెద్దావిడ, పాడగానే కారెక్కి వెళ్ళిపోతుందని చెప్పింది. నేను సరేనన్నాను. నాకు వచ్చిన మాట అదొక్కటే. మూడో వరుసలో, పక్క సీటు ఖాళీగా, అట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సంతకం లేకుండానే దాన్ని మంచం మీదున్న మనిషికి తిరిగివ్వాలి.

విన్నీ చేతికర్రతో వచ్చి ఎత్తు కుర్చీలో కూర్చుంది. పాటకీ పాటకీ మధ్య తన కథ చెప్పింది. ఓడరేవు ఊరు, పదిహేనేళ్ళకే చదువు ఆగిపోవడం, బిస్కెట్ ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దడం. యంత్రాల మోత మీద పాడీ పాడీ గొంతు పెద్దదైందట. డాన్స్ హాల్ పోటీలో గెలిచాక మూడేళ్ళు టీవీలు, విమానాలు. ఆ తర్వాత కొత్త బ్యాండ్లు వచ్చాయి, కంపెనీ ఫోన్ ఎత్తడం మానేసింది. ఓడల మీద భోజనాల వేళ పాడింది, సముద్రం ఒడ్డున లాడ్జి నడిపి దుప్పట్లు ఉతికింది. అరవై దాటాక ఎవరో కుర్రాళ్ళు వాన పాట మళ్ళీ వినడం మొదలుపెట్టారు. "నేను ఎక్కడికీ పోలేదు. మీరే ఆలస్యంగా వచ్చారు" అంది. హాలంతా నవ్వింది.

చివర్న ఆ వాన పాటే ఎత్తుకుంది. రెండో చరణం మొదట్లో ఆగిపోయింది. పియానో ఆయన అదే ముక్కను తిప్పి తిప్పి వాయించారు. మాట రాలేదు. విన్నీ మా వైపు తిరిగింది. "పోయింది. ఎవరికైనా గుర్తుందా?" అని అడిగింది. అందరికీ పల్లవే వచ్చు. నాకు చరణం వచ్చు, నోట్‌బుక్కులో రాసుకున్నది కళ్ళ ముందే ఉంది. లేచి నిలబడ్డానని పాడటం మొదలయ్యాకే తెలిసింది.

వాన ఆగేదాకా నా గొడుగు కిందే ఉండు అనే లైన్ దగ్గరికి వచ్చి మూడుసార్లు పాడాను. మన పాటల్లో ఒక్కో లైను తిప్పి తిప్పి పాడతారుగా, ఇదీ అంతేననుకున్నాను. పియానో తడబడింది. వెనక ఎవరో నవ్వారు.

"అమ్మాయీ, అది ఒక్కసారే" అంది విన్నీ.

"మా రికార్డులో మూడుసార్లు" అని అట్ట పైకెత్తాను.

ఆవిడ కుర్చీ చేతి మీద కొట్టి కొట్టి నవ్వింది. "గీత పడింది. సూది వెనక్కి గెంతుతోంది. అరవై ఏళ్ళు ఒక్కసారే పాడాను, మూడుసార్లే బాగుంది" అని పియానో ఆయనకు సైగ చేసింది. ఆ లైనును ఆవిడతో పాటు నేను, మాతో పాటు హాలంతా మూడుసార్లు పాడాం. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకముందే ఆవిడ అట్ట తెమ్మని చెయ్యి చాపింది. ఎవరి పేరు రాయాలని అడిగితే, ఆగకుండా చెప్పాను. మార్గరెట్, డాన్స్ హాల్, బస్సు డబ్బులు, విరిగిన తుంటి ఎముక. అంత ఇంగ్లీషు నా నోట్లో ఉందని నాకే తెలియదు.

సాయంత్రం రైలుకే తిరిగొచ్చి, మర్నాడు పొద్దున అట్ట మార్గరెట్ గారి చేతిలో పెట్టాను. "మార్గరెట్‌కి, మూడుసార్లు ప్రేమతో" అని ఉంది దాని మీద. రికార్డు పెట్టమన్నారు. ఆ లైన్ వచ్చినప్పుడు, గీత పడిందని తెలిసి కూడా ఇద్దరం మూడుసార్లూ పాడాం. బిస్కెట్ డబ్బాలు సర్దిన ఆవిడ గొంతు అరవై ఏళ్ళు దాటి కాజాలు కుట్టిన నా దాకా వచ్చింది. అది వినడానికి పెద్ద చదువేమీ అవసరం కాలేదు. అరిగిపోయిన రికార్డు, దాన్ని పారేయని ఒక మనిషి ఉంటే చాలింది.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. యూనియన్ స్టేషన్‌లో నార్త్ అని చూసి ఎక్కేయకండి, రెండు రైళ్ళూ నార్తే. మీకు కావాల్సింది ఫించ్. చీటీ ఉన్నా సరే, నోటితోనే అడగండి.