వదిన తనకు తాను చెప్పుకున్న మాట

పందొమ్మిదేళ్ళకే భర్త పోయి నేను మా అన్న ఇంటికి వచ్చేశాను. పందొమ్మిది వందల యాభైలలో సంగతి. శింగనమల దగ్గర మా ఊరు. అమ్మా నాయనా అప్పటికే లేరు. ఇంట్లో అన్న, వదిన, వాళ్ళ ఇద్దరు చిన్నపిల్లలు. మొదటి ఆర్నెల్లు నేను మూలన కూర్చోవడం తప్ప ఏమీ చేయలేదు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. వదిన పూటపూటకూ సంగటి ముద్ద తెచ్చి ముందు పెట్టి, "తిను పాపా" అని పోయేది.

మా ఊరి బడిలో ఒక టీచరమ్మ ఉండేది. క్రైస్తవురాలు, ఒంటరి మనిషి, మాట కరుకు. ఒకరోజు ఆమే మా ఇంటికి వచ్చింది.

"ఏడో తరగతి దాకా చదివినావంట గదా. ఎనిమిది ప్రైవేటుగా కట్టు. పాసైతే అనంతపురంలో ట్రైనింగు. ఆ పైన టీచరు పని. ఏమంటావు?"

"నా చేత యాడవుతుంది టీచరమ్మా" అన్నాను.

"ముందు ఆ మాట మానుకోవల్ల. పొద్దున లేస్తూనే నీకు నువ్వు చెప్పుకో. పాసవుతానేమో అని గాదు, పాసవుతా అని. ఈ పొద్దు ఏం చదువుతావో అది గూడా చెప్పుకో. లోపల్లోపల గాదు, నోటితో, నీ చెవికి వినపడేటట్ల."

సిగ్గుపడుతూనే మొదలుపెట్టాను. తెల్లవారగానే పెరటి గోడ వైపు తిరిగి, "పరీక్ష పాసవుతా. టీచరునవుతా. ఈ పొద్దు భిన్నాల లెక్కలు ఇరవై చేస్తా" అనుకునేదాన్ని. మొదట్లో ఆ గొంతు నాది కాదనిపించేది. నెల తిరిగేసరికి ఆ మాట అనుకోనిదే నాకు తెల్లవారినట్టు ఉండేది కాదు. నోటితో అన్నాక లెక్కలు చేయక తప్పేదీ కాదు. తలెత్తి నడవడం మళ్ళీ అలవాటైంది.

నేను చదువుకుంటున్నానని నా చేతి పని కూడా వదినే ఎత్తుకుంది. నీళ్ళు మోయడం, కసువు ఊడ్చడం, రాగులు విసరడం, అన్నీ. పిల్లలు నా దగ్గరికి వస్తే, "అత్త సదువుకుంటాంది, ఇట్ల రాండి" అని లాక్కుపోయేది. ఒక్కసారి మాత్రం, వాకిట్లో పేడనీళ్ళ సానిపి చల్లుతూ చల్లుతూ ఆగి అడిగింది.

"పాపా, నాకు నాలుగచ్చరాలు నేర్పిస్తావా?"

"పరీక్ష కానీ వదినా" అన్నాను, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఎందుకు అడిగిందో నాకు తెలుసు. అంతకు రెండేళ్ళ ముందు వాళ్ళ నాయనకు బాగాలేదని గోరంట్ల పక్కనున్న పుట్టింటి నుంచి కబురొచ్చింది. అన్న ఊళ్ళో లేడు. తనొక్కతే అనంతపురం పోయి, బస్టాండులో ఎవరో చూపించిన బస్సెక్కింది. అది గుత్తి బస్సు. కండక్టరు టిక్కెట్టు అడిగేసరికి చాలా దూరం పోయింది. దిగి వెనక్కి వచ్చేటప్పటికి గోరంట్ల వైపు బస్సులు అయిపోయాయి. మర్నాడు తను చేరేసరికి వాళ్ళ నాయనను మట్టి చేసి ఇంటికి వచ్చేశారు. ఈ సంగతి మా ఇంట్లో మాకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. తను ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ ఎండాకాలంలో ఒక పొద్దున గొడ్ల కొట్టం వైపు పోతూ వదిన గొంతు విని ఆగాను. లోపల ఇంకెవరూ లేరు.

"నేను సదువుతా. బస్సు బోర్డు సదువుతా. ఎవుర్నీ అడగను. ఈ పొద్దు ఒక అచ్చరం నేర్చుకుంటా."

తొంగి చూశాను. పేడ చేతిని చీరకు తుడుచుకుని, బొగ్గుముక్కతో గోడ మీద 'అ' రాస్తోంది. నా పుస్తకంలో చూసి పెట్టుకున్నట్టుంది. తిరగబడి వచ్చింది.

నాకు నవ్వొచ్చింది. అప్పుడు ఎందుకని ఆలోచించలేదు. తర్వాత ఆలోచిస్తే ఒకటే తోచింది. ఆ మాట నాదనుకున్నాను. ఏడో తరగతి చదివినదాన్ని కాబట్టి నాకు తగిన మాట అనుకున్నాను. పేడ ఎత్తే మనిషి నోట అదే మాట వినేసరికి, నా కొత్త చీర అడగకుండా కట్టుకున్నట్టు అనిపించింది. నన్ను చదువుకోనివ్వడానికే తను నా వంతు పేడ ఎత్తుతోందని మాత్రం తోచలేదు.

నవ్వుకుని ఊరుకున్నా బాగుండేది. ఆ మధ్యాహ్నం మా పంచలో పదిమంది ఆడవాళ్ళం విత్తనానికి చెనిక్కాయలు వొలుస్తూ కూర్చున్నాం. వదినా ఉంది. అందరూ నన్ను చూసి జాలిపడేవాళ్ళే. ఆ రోజు వాళ్ళను నవ్వించాలని బుద్ధి పుట్టింది. లేచి గోడ వైపు తిరిగి, చేతిని చీరకు తుడుచుకుని, వదిన గొంతు పెట్టి, "బస్సు బోర్డు సదువుతా. ఎవుర్నీ అడగను" అన్నాను. గాల్లో తిరగబడిన 'అ' కూడా రాసి చూపించాను.

పంచ అంతా ఒకటే నవ్వు.

"ఏమ్మే, కలెక్టరమ్మ అవుతావా?" అని వదినను అడిగింది ఒకామె.

"బోర్డమ్మ అనండే!" అంది ఇంకొకామె.

వదిన కూడా నవ్వింది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది. తర్వాత నీళ్ళు తెస్తానని బిందె తీసుకుని పోయింది. బిందె అంతకుముందే నిండుగా ఉంది.

ఆ పేరు ఊళ్ళో నిలిచిపోయింది. కూలికి పిలిచేవాళ్ళు కూడా "బోర్డమ్మా, వస్తావా?" అనేవాళ్ళు. కొట్టంలో గొంతు మళ్ళీ వినపడలేదు. గోడ మీది బొగ్గు గీతల మీద పేడ అలికి ఉంది.

మరుసటి ఏడు పరీక్ష రాశాను. లెక్కల్లో తప్పాను. ఆ రోజు నుంచి గోడకు ఎదురుగా నిలబడడం మానేసి, ముసుగుతన్ని పడుకున్నాను. మూడో పొద్దున వదిన వచ్చి దుప్పటి లాగింది.

"లెయ్ పాపా. ఎందుకు సెప్పుకుంటల్లేదు?"

"చెప్పుకుంటే ఏమొచ్చింది వదినా? తప్పితి గదా."

"ఒక్క లెక్కల్లో తప్పితివి. దానికే పడుకుంటావా? నువ్వు సెప్పుకోకపోతే నేను సెప్తా."

పెరట్లోకి పోయి గోడ వైపు తిరిగింది. "మా పాప పాసవుతాది. టీచరవుతాది. ఈ పొద్దు ఇరవై లెక్కలు సేస్తాది" అని పక్కిళ్ళకు వినపడేలా అంది. వింటే నవ్వుతారని తనకు తెలియక కాదు. నేనప్పుడు తన కాళ్ళ మీద పడవలసింది. పడలేదు. మొహం చూపలేక పుస్తకం తెరిచి, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

రెండోసారి పాసయ్యాను. ట్రైనింగు అయ్యాక ఒక పల్లెలో ఉద్యోగం వచ్చింది. నా క్లాసులో పిల్లలకు కూడా టీచరమ్మ చెప్పిందే చెప్పేదాన్ని. చేస్తా అని చెప్పుకోండి, ఏం చేస్తారో చెప్పుకోండి అని. ఎవరైనా అట్లా చెప్పుకుంటుంటే నవ్వకూడదని మాత్రం చెప్పలేకపోయాను. ఎందుకని అడుగుతారేమోనని భయం.

అరవైలలో వరసగా వానలు లేని కాలం వచ్చింది. గొడ్లను అమ్మేసి అన్న రాళ్ళు కొట్టే పనికి పోయాడు. వదిన బడికి పోతున్న కూతురిని తీసుకుని ఎండాకాలానికి నా దగ్గరికి వచ్చింది. వచ్చిన రెండో రోజు నేను పలక, బలపం తెచ్చి తన ముందు పెట్టాను.

"వదినా, ఆ పొద్దు చెనిక్కాయల కాడ నేను చేసింది తప్పు."

"ఏ పొద్దు పాపా?" అంది. నన్ను తప్పించడానికే అలా అంది.

"నిన్ను ఎగతాళి చేసిన పొద్దు."

"నేనూ నగితి గదా."

"నువ్వెందుకు నవ్వినావు?"

"నగకపోతే ఏడుపొస్తాదని." కాసేపు పలక అంచు మీద వేలితో రాసింది. "వాళ్ళు నగింది నాకు పెద్దగా అనిపియ్యలేదు పాపా. వాళ్ళకేం తెలుసు? మా నాయన సంగతి నీకు తెలుసు గదా. తెలిసీ నగితివే అని... అదొక్కటే."

తను బలపం చేతిలోకి తీసుకుంది.

రెండు నెలల్లో అక్షరాలు, గుణింతాలు వచ్చాయి. ఒత్తులు కష్టమైనా పట్టు వదల్లేదు. ఊరికి తిరిగి పోయేనాటికి కూతురి దగ్గర ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివేది. కానీ నా ఎదుట నోరు తెరిచి చదవలేదు. నేను గదిలోకి వస్తే పెదాలు బిగించుకుని, కళ్ళతోనే వరస చివరిదాకా చూసేది. తెలియని అక్షరం వస్తే కూతురిని అడిగేది, నన్ను అడిగేది కాదు. నేను బలవంతపెట్టలేదు. ఆ ఎండాకాలమంతా తను చదువుకునే వేళకు ఏదో ఒక పని కల్పించుకుని బయటికి పోయేదాన్ని.