పురికొస దండలు

నా చిన్నప్పుడు, చేవెళ్ళలో ఏ ఇంట్లో పెళ్ళిచూపులు జరిగినా అబ్బాయికి కంప్యూటర్ వచ్చా రాదా అన్నదే మొదటి ప్రశ్నగా ఉన్న రోజుల్లో, మా మేనత్తకు పట్నం సంబంధం కుదిరింది. అబ్బాయికి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. వాళ్ళది కోస్తా వైపు, ఉద్యోగాల కోసం వచ్చి పట్నంలో స్థిరపడిన కుటుంబం. చాలా మంచి మనుషులు, ఏమీ అడగలేదు. నిశ్చితార్థానికి ముందు అబ్బాయి వాళ్ళమ్మ ఫోన్ చేసి, "మాకేం వద్దండీ, దండలు మాత్రం కాస్త నిండుగా ఉండేట్టు చూడండి. మావాడు ఆఫీసులో అందరికీ ఫోటోలు చూపించుకుంటాడంట" అని ఒక్క మాట అంది. ఆ ఒక్క మాటతో మా తాతయ్యకు నిద్ర లేకుండా పోయింది.

నిజానికి మా చుట్టుపక్కల ఊళ్ళ నిండా పూలతోటలే. చామంతి, బంతి, గులాబీ, ఏది కావాలంటే అది. కానీ కోసిన పూలు కోసినట్టే తెల్లవారకముందే బస్సెక్కి పట్నం మార్కెట్టుకు పోయేవి. మా ఊరి పూలు మాకు కావాలంటే మేమూ బస్సెక్కి ఆ జాంబాగ్ పూలమార్కెట్టు దాకా పోయి, వాటిని మళ్ళీ బస్సులో ఇంటికి తెచ్చుకోవాలి. దండలు కట్టేవాళ్ళు కూడా అక్కడే కూర్చునేవాళ్ళు. ఇదేం చోద్యమని మాలో ఎవరికీ అనిపించేది కాదు.

మా తాతయ్యకు చేవెళ్ళ బస్టాండు దగ్గర కిరాణా దుకాణం ఉండేది. ఆయనంత మంచివాడు లేడు, అంత అనుమానపు మనిషీ లేడు. దుకాణానికి తాళం వేసి లాగి చూసేవాడు. నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసేవాడు. గుడికి పోతే ఒక చెప్పు తూర్పు గేటు దగ్గర, ఇంకో చెప్పు పడమటి గేటు దగ్గర విడిచేవాడు, దొంగకు జత దొరకకూడదని. బ్యాంకులో ఎవరైనా పెన్ను అడిగితే ఇచ్చేవాడే గాని, మూత మాత్రం జేబులో పెట్టుకునేవాడు. ఇక పురికొస సంగతి చెప్పనే అక్కర్లేదు. దుకాణానికి వచ్చిన ప్రతి బస్తాకున్న పురికొసనూ ఓపిగ్గా ముడి విప్పి, ఉండ చుట్టి, ఆ ఉండను జేబులో వేసుకుని తిరిగేవాడు. మా వైపు దాన్ని సుతిలి అంటారు. ఆయన లాల్చీ జేబు ఎప్పుడూ నిమ్మకాయ దాచుకున్నట్టు ఉబ్బెత్తుగా ఉండేది.

పూలకు మా నాన్నను పంపమని నానమ్మ అంది. నాన్నకు పై పూలు చూడటమే తప్ప అడుగు పూలు చూడటం రాదని తాతయ్య కొట్టిపారేసి, నిశ్చితార్థం రోజు పొద్దున్నే తానే బయల్దేరాడు. మూటలకు కాపలాగా నన్ను వెంట తీసుకెళ్ళాడు. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. ఇంటినిండా అంతమంది ఉండగా నన్నే ఎందుకు నమ్మాడా అని చాలా రోజులు గర్వపడ్డాను. మూట ఎత్తుకుని పారిపోయే వయసు నాకింకా రాలేదన్న ధైర్యమే అయ్యుంటుందని తర్వాత తెలిసింది.

చేవెళ్ళ నుంచి మెహదీపట్నం, అక్కడ సిటీ బస్సు మారి కోఠి, అక్కణ్ణుంచి నడక. జాంబాగ్ చేరేసరికి మార్కెట్టు మంచి జోరు మీద ఉంది. నేల మీద నీళ్ళు, నీళ్ళలో రేకులు, రేకుల మీద జనం. తాతయ్య ప్రతి కుప్పలోనూ మోచేయి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి పూలు తీసి చూశాడు. చివరికి ఒకామె విసిగిపోయి, "పూలు కొంటున్నవా సేటూ, లోపట దొంగ గిట్ల దాక్కున్నడా అని చూస్తున్నవా?" అంది. తాతయ్య నవ్వలేదు. దొంగ సంగతి ఆయన ఎప్పుడూ నవ్వులాటగా తీసుకోలేదు.

ఎట్లయితేనేం, చామంతులూ గులాబీలూ నాలుగు మూటలు కట్టించాం. ఇక దండలు. తెల్లటి లిల్లీ పూలు, మధ్యమధ్య ఎర్ర గులాబీలు, నా నడుమంత లావు. అంత అందమైన దండలు నేను అప్పటిదాకా చూడలేదు. అరటాకులో చుట్టి, తడిబట్ట కప్పి ఇచ్చారు. తాతయ్య ఆ పొట్లాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. సాయంత్రం అబ్బాయివాళ్ళు వచ్చేలోగా ఇవి వాడిపోకుండా ఇల్లు చేరాలి. మాకున్న పని అదొక్కటే.

మూటలతో ఆటోలో మెహదీపట్నం చేరాక, మా ఊరి మీదుగా పోయే పరిగి బస్సు వచ్చింది. అప్పట్లో బస్సులో సీటు కావాలంటే ఒకటే పద్ధతి. కిటికీలోంచి తువ్వాలు లోపల వేస్తే ఆ సీటు మనది. ఎంత తోసుకుంటున్నా ఆ తువ్వాలు మాట అందరూ వినేవాళ్ళు. తాతయ్య కూడా తువ్వాలు వేశాడు. వేసి, దాని రెండో కొసను కిటికీ బయటినుంచి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. సీటు పోతుందని కాదు, తువ్వాలు పోతుందని! జనమంతా ఎక్కుతున్నారు, ఆయన మాత్రం కదలడు. "తాతా, ఎక్కుదాం పా" అని నేను ఏడుపు మొహం పెడితే, "మరి దీన్నెవరు పట్టుకుంటరు?" అన్నాడు. చివరికి లోపల్నుంచి ఎవరో తువ్వాలును మడిచి మర్యాదగా ఆయన చేతికే అందించి, ఆ సీట్లో కూర్చున్నారు.

అట్లా ఇద్దరం నిలబడ్డాం. బస్సు కిక్కిరిసి ఉంది. మూటలు కాళ్ళ దగ్గర పెడితే తొక్కేస్తారు, చేతుల్లో పట్టుకోవడానికి చేతులు చాలవు. కిటికీ పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ మా అవస్థ చూసింది. ఆమెది ఆలూరు. మా ఊరు దాటి ఇంకా ముందుకు పోవాలి. పొద్దున్నే పూలు అమ్మి ఖాళీ గంపతో తిరిగి పోతోంది.

"ఇటియ్యి సేటూ, ఒళ్ళో వెట్టుకుంట," అంది.

"వద్దులే అమ్మా, నీకెందుకు కష్టం," అన్నాడు తాతయ్య.

ఆమె కష్టం గురించి ఆయనకేమీ బెంగ లేదని నాకు తెలుసు. ఆమెకూ తెలిసినట్టుంది, నవ్వి మూట లాక్కుంది. ఆమెను చూసి పక్క సీటు కళ్ళజోడాయన ఒకటి తీసుకున్నాడు. ఎర్రచీర కట్టుకున్నామె ఒకటి, కాలేజీ కుర్రాడు ఒకటి. చూస్తుండగానే మా మూటలు నాలుగూ బస్సులో నాలుగు దిక్కులకు పోయాయి. దండల పొట్లం కూడా ఇమ్మని అవ్వ చెయ్యి చాపితే తాతయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇది మాత్రం ఇయ్య. నా పానం వోయినా ఇయ్య," అన్నాడు.

ఇక ఆయన అవస్థ చూడాలి. వంగి నా చెవిలో, "నువ్వు ఎర్రచీరను చూస్తుండు, నేను కళ్ళజోడును చూస్త" అన్నాడు. ఎవరో లేచి ముందు సీట్లో కూర్చోమంటే, అక్కణ్ణుంచి వెనక మూటలు కనబడవని కూర్చోలేదు. ఒక్కొక్కరినీ మీరెక్కడ దిగుతరు, మీ ఇల్లెక్కడ అని సంబంధాలకు వాకబు చేసినట్టు అడిగాడు. కళ్ళజోడాయన పాపం తన మేనమామ పేరు కూడా చెప్పాడు.

లంగర్‌హౌజ్‌లో ఆ కళ్ళజోడాయన దిగిపోయాడు. దిగుతూ మూటను పక్కాయన ఒళ్ళో పెట్టాడు. ఆ పెట్టడం తాతయ్య చూడలేదు. "నా మూట! ఆపుండ్రి బస్సు!" అని ఒక్క కేక పెట్టాడు. డ్రైవర్ నిజంగానే బ్రేకు వేశాడు. "ఈడనే ఉన్నది సేటూ, ఫికర్ చెయ్యకు" అని పక్కాయన మూటను పైకెత్తి చూపించాడు. బస్సంతా నవ్వింది. ఆ తర్వాత ఏ స్టాపు వచ్చినా, ఎవరు దిగినా, మా మూటలున్నవాళ్ళు ఎవరూ అడగకుండానే వాటిని తల మీదికెత్తి, "ఉన్నది సేటూ!", "ఈడొకటి ఉన్నది!" అని బళ్ళో హాజరు పలికినట్టు పలికేవాళ్ళు. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. తాతయ్య మాత్రం ప్రతి జవాబుకూ తృప్తిగా తల ఊపాడు.

మొయినాబాద్ ఇంకా రాకముందే మా బస్సు ఆగిపోయింది. ఇంజిన్లోంచి పొగ వచ్చింది. వెనకాలే వికారాబాద్ బస్సొకటి వస్తే కండక్టర్ అందరినీ అందులోకి ఎక్కమన్నాడు. అది అప్పటికే సగం నిండి ఉంది. జనం ఒక్కసారిగా దాని మీద పడ్డారు. మూటలు ఎవరి దగ్గరున్నాయో, ఎటు పోయాయో తెలియదు. తాతయ్య ఒక చేత్తో నా రెక్క పట్టుకుని, ఇంకో చేత్తో పొట్లాన్ని గుండెకు అదుముకుని గుంపులో దూరాడు. వెనకవాళ్ళు తోశారు, ముందువాళ్ళు కదల్లేదు. మెట్ల దగ్గరి ఇనుప కడ్డీకీ ఆయన గుండెకూ మధ్య దండల పొట్లం ఇరుక్కుంది. మేం లోపల పడేసరికి అరటాకు చిరిగి వేలాడుతోంది, మా వెనక మెట్ల మీద లిల్లీలు ముద్దయిపోయి ఉన్నాయి.

నాలుగు మూటలూ మాకంటే ముందే ఎక్కి ఉన్నాయి. ఒకటి కిటికీలోంచి వచ్చిందట, ఇంకొకటి డ్రైవర్ పక్కన కూర్చుంది. ఒక్క రేకు కూడా నలగలేదు. "ఉన్నది సేటూ!" అని నలుగురూ ఎత్తి చూపించారు.

ఈసారి తాతయ్య తల ఊపలేదు. పొట్లం విప్పి చూశాడు. దారాలకు అక్కడక్కడా నాలుగు పూలు వేలాడుతున్నాయి. మిగిలిందంతా పచ్చడి. మళ్ళీ పట్నం పోయి వచ్చే వ్యవధి లేదు. ఇంట్లో అత్తయ్య ఈపాటికి తల దువ్వుకుంటూ ఉంటుంది. వాళ్ళు అడిగిందల్లా ఒక్క దండలే కదా. తాతయ్య ఆ నాలుగు పూలనే మళ్ళీ చిరిగిన ఆకులో చుట్టబోయాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆలూరు అవ్వ నన్ను దగ్గరికి లాక్కుని కొంగుతో ముక్కు తుడిచింది. "గీమాత్రానికేనా బిడ్డా? మూటల్ల పూలు లేవా, మాకు చేతులు లేవా? జర దారముంటే చూడుండ్రి ఎవరన్న," అని బస్సంతటికీ వినబడేట్టు అరిచింది.

బస్సులో దారం ఎవరి దగ్గర ఉంటుంది? అందరూ జేబులూ సంచులూ తడుముకున్నారు. ఒకాయన బూటు లేసు విప్పబోయాడు. అప్పుడు మా తాతయ్య మెల్లగా లాల్చీ జేబులో చెయ్యి పెట్టి పురికొస ఉండ బయటికి తీశాడు. తీసి అవ్వ చేతికిచ్చాడు. ఇచ్చి, కొస మాత్రం తన వేలికి చుట్టుకుని పట్టుకున్నాడు.

అవ్వ లాగింది, రాలేదు. ఇంకోసారి లాగింది. తలెత్తి తాతయ్యను చూసింది. "ఇడువు సేటూ," అంది మెత్తగా. "నేనేడికి వోత? బస్సులనే కదా ఉన్న."

తాతయ్య తన వేలివైపు చూసుకున్నాడు. అట్లా పట్టుకున్నానని అప్పటిదాకా ఆయనకే తెలియనట్టుంది. వేలికున్న చుట్టు విప్పి కొస వదిలేశాడు. ఏళ్ళ తరబడి ఆయన్ను చూసిన నాకు అది మామూలు సంగతి కాదని అర్థమైంది.

అవ్వ పురికొసను పోగులుగా విడదీసి తోటివాళ్ళకు పంచింది. మూటలు ముందే ఒళ్ళలో ఉన్నాయి కనుక విప్పడమే ఆలస్యం. ఎర్రచీర ఆమె కడుతుంటే కాలేజీ కుర్రాడు పూలు అందించాడు. గులాబీ ఎప్పుడు పడాలో ఒకాయన వెనక సీట్లోంచి సలహాలు ఇవ్వబోతే ఆడవాళ్ళంతా కలిసి నోరు మూయించారు. డ్రైవర్ గతుకుల దగ్గర నెమ్మదిగా పోనిచ్చాడు. చేవెళ్ళ వచ్చేసరికి ఒక దండ పూర్తయింది, రెండోది సగంలో ఉంది. దారి పొడుగునా తొందర తొందరని అరిచిన ఈ బస్సు కండక్టర్ దిగి, చాయ్ తెప్పించుకుని, ఊది ఊది తాగాడు. అంత నెమ్మదిగా చాయ్ తాగినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఒక్క ప్రయాణికుడూ గొణగలేదు.

దండలు తీసుకుని దిగాం. బస్సు కదులుతుంటే కిటికీలోంచి అవ్వ ఒళ్ళో మిగిలిన పురికొస ఉండ కనిపించింది. "తాతా, సుతిలి!" అని అరిచాను.

తాతయ్య చూశాడు. చూసి, నా చెయ్యి పట్టుకుని ఇంటివైపు తిరిగాడు. "ఉండనియ్యి బిడ్డా," అన్నాడు. "ఆమె ఒళ్ళో ఉన్నది కదా."

సాయంత్రం ఆ దండలే మార్చుకున్నారు. పురికొస మెడకు గరుకుగా తగిలి మా కాబోయే మామయ్య కార్యక్రమమంతా మెడ గోక్కుంటూనే ఉన్నాడు. ప్రతి ఫోటోలోనూ ఆయన చెయ్యి కాలర్ దగ్గరే ఉంటుంది. వాళ్ళమ్మ మాత్రం దండను పట్టుకుని చూసి, "ఎంత నిండుగా ఉన్నాయండీ, ఏ కొట్లో కట్టించారేంటి?" అని మురిసిపోయింది. "బస్సుల" అన్నాడు తాతయ్య. ఆమెకు అర్థం కాలేదు.

దాంతో మా తాతయ్య మారిపోయాడని అనుకోకండి. ఆ వారమే బ్యాంకులో పెన్ను ఇచ్చి మూత జేబులో వేసుకున్నాడు. గుడి దగ్గర చెప్పులు చివరిదాకా చెరో గేటు దగ్గరే ఉన్నాయి. కానీ పరిగి బస్సు దుకాణం ముందు ఆగినప్పుడల్లా తూకం ఆపి కిటికీలవైపు చూసేవాడు. నిలబడ్డవాళ్ళ చేతుల్లో బరువులు కనిపిస్తే, "కూసున్నోళ్ళ ఒళ్ళో పెట్టుండ్రి, ఎవ్వరెత్కపోరు!" అని దుకాణంలోంచే కేకేసేవాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నా జుట్టూ తెల్లబడుతోంది. ఇప్పటికీ బస్సులో నాకు సీటు దొరికితే, పక్కన నిలబడ్డవాళ్ళ సంచీ అడిగి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంటాను. చాలామంది మొహమాటంతో ఇస్తారు గాని, వాళ్ళ కళ్ళు సంచీ మీదే ఉంటాయి. నాకేం కోపం రాదు. ఆ చూపు నాకు బాగా తెలిసినదే. అందుకే స్టాపు వచ్చి జనం కదిలినప్పుడల్లా, వాళ్ళు వెతుక్కోకముందే, ఆ సంచీని కాస్త పైకెత్తి చూపిస్తాను. ఉన్నది, ఈడనే ఉన్నది అని.