బుచ్చిరాజు బిగించిన చిన్న కండెన్సరు

అమలాపురం బస్టాండు వెనక సందులో బుచ్చిరాజు రేడియో రిపేరు షాపు పెట్టి పన్నెండేళ్లయింది. చదివింది తక్కువే గాని చేతిలో పని ఉందని పేరు. ఆ పేరంటే అతనికి మహా ఇష్టం. బ్యాటరీలు కొనే బాధ లేకుండా కరెంటుతో రేడియో మోగించే ఎలిమినేటర్ పెట్టెలు తనే బిగించి అమ్మేవాడు.

తొంభై మూడు వానాకాలంలో కాట్రేనికోన వైపు నుంచి సత్యనారాయణమ్మ అనే ఆవిడ తన రేడియోనీ, అతని దగ్గర కొన్న పెట్టెనీ సంచిలో పెట్టుకుని వచ్చింది. రేవులోకి పడవలు రాగానే చేపలకు వేలం పాట పెట్టేది ఆవిడే.

"మాటల కింద గుయ్‌మని ఒకటే మోత వస్తుందండి బాబూ. ఓసారి చూడండి," అంది.

షాపులో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ముందు ఒక టీవీ విప్పి ఉంది. బుచ్చిరాజు సంచిలోకి తొంగి కూడా చూడలేదు.

"మోత రేడియోలో లేదు పెద్దమ్మగారూ, మీ చెవిలో ఉంది. వయసు మీద పడితే అంతేనండి."

అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వబోయి, ఆగి, సంచి సర్దుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి అతనా సంగతి మరిచిపోయాడు.

రెండేళ్ల తరువాత ఆవిడ కొడుకు ముత్యాలరాజు ఆ రేడియో, ఆ పెట్టె పట్టుకొచ్చాడు.

"అటక సర్దుతుంటే దొరికేయండి. పనిచేస్తాయేమో చూస్తారని."

"అమ్మగారు వినడం లేదా?"

"లేదండి. అమ్మకి చెవులు తగ్గేయి. సరిగ్గా వినపడక ఒకరు పాడిన పాట ఇంకొకరి పేర ఖాయం చేసేస్తానేమోనని భయపడి వేలం పాట కూడా మానేసిందండి. ఇప్పుడు బంగారయ్యగారు పెడుతున్నారు."

బుచ్చిరాజు స్విచ్చి వేశాడు. వార్తలు చదివే గొంతు కింద గుయ్‌మని సన్నటి మోత. పెట్టె తీసేసి బ్యాటరీలు వేస్తే గొంతు తేటగా వచ్చింది. పెట్టె మూత విప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంది, నాలుగు డయోడ్లూ బాగున్నాయి. వాటి పక్కన వెయ్యి మైక్రోఫారడ్ల కండెన్సరు ఉండాల్సిన చోట వందది ఉంది. టంకం తనదే.

గుర్తొచ్చింది. ఆవిడ పెట్టె కొన్న వేసవిలో రాజమండ్రి నుంచి పెద్ద కండెన్సర్లు రాలేదు. పెట్టెలు కావాలని జనం తిరుగుతున్నారు. లేవని చెప్పడానికి నామోషీ అనిపించి, ఆరు పెట్టెలకి చిన్నవి బిగించాడు. సరుకు రాగానే మారుద్దాం లే అనుకున్నాడు. మార్చలేదు.

ముత్యాలరాజు ముఖం చూడలేకపోయాడు. "రేపు నేనే తెచ్చి ఇస్తానండి, మీరు వెళ్లండి," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కాట్రేనికోన బస్సెక్కాడు. కండెన్సరు పాడైపోయిందని చెబితే సరిపోతుంది, ఆవిడకేం తెలుస్తుంది అని దారిలో అనుకున్నాడు. అలా అనుకున్నందుకు మరింత సిగ్గేసింది.

సత్యనారాయణమ్మ అరుగు మీద వల చిక్కు తీస్తోంది. బుచ్చిరాజు పెద్ద కండెన్సరు వేసిన పెట్టె తగిలించి రేడియో పెట్టాడు. ఆవిడ తల వాల్చి కాసేపు విన్నది.

"మోత లేదే."

"మోత మీ చెవిలో ఎప్పుడూ లేదండి. నా పెట్టెలో ఉంది."

ఎలాగని అడిగింది. అతను తల దించుకునే చెప్పాడు.

"ఇంట్లోకొచ్చే కరెంటు సెకనుకి యాభైసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుందండి. రేడియోకి ఒకవైపే పారాలి. ఈ నాలుగు డయోడ్లూ దాన్ని ఒకవైపుకి తిప్పుతాయి. అయినా సాఫీగా రాదండి, బిందెలతో పోసినట్టు విడతలు విడతలుగా వస్తుంది. ఈ కండెన్సరు తొట్టిలాంటిదండి. బిందె పడ్డప్పుడు నిండుతుంది, మళ్లీ బిందె పడేదాకా తన నీళ్లిస్తుంది. నేను తొట్టి పెట్టాల్సిన చోట చెంబు పెట్టేను. నీళ్లు చాలక ధార హెచ్చుతగ్గులయ్యేది. అదే మీకు మోతలా వినపడింది."

"తెలిసే పెట్టేరా?"

"ఆయ్. తెలిసే పెట్టేనండి."

ఆవిడ వల పక్కన పెట్టింది.

"నీకూ వినపడుతోందా అని ఎవర్నీ అడగలేదు బాబూ. అడిగితే చెవుడని బయటపడిపోద్దని. రేవులో ఎవరైనా గట్టిగా మాట్లాడితే నాకోసమే అరుస్తున్నారనుకునేదాన్ని." లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. "ఆ రోజు నలుగురిలో అన్నారు. ఇదీ నలుగురిలోనే చెప్పండి."

రేవులో అప్పుడే పడవలు ఒడ్డుకి చేరాయి. బంగారయ్య పాట మొదలెట్టబోతున్నాడు. బుచ్చిరాజు ఆవిడ వెంట గుంపు మధ్యకి వెళ్లి నిలబడ్డాడు.

"ఈవిడ చెవులకి ఏ లోటూ లేదండి. నా పెట్టెలో తక్కువ సామాను వేసి, ఆ తప్పు ఆవిడ చెవుల మీదికి తోసేశాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది అతనికి.

బంగారయ్య పక్కకి జరిగి, "పాట మళ్లీ మీరే పెట్టండి అక్కా," అన్నాడు.

"రెండేళ్లయింది. ఇప్పటి ధరలు నాకు తెలవ్వు. ముందు నాలుగు రోజులు విననివ్వు," అని ఆవిడ బుట్టల పక్కన నిలబడింది. బుచ్చిరాజు వైపు మళ్లీ చూడలేదు.

ఇంటికొచ్చాక భార్య భవానీదేవి అడిగింది. "ఏమన్నారండి ఆవిడ?"

"ఏమీ అనలేదు," అన్నాడు. మిగతా పెట్టెలు ఎవరెవరు కొన్నారో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ అన్నానికి కూర్చున్నాడు.

మిగిలిన ఐదు పెట్టెల కోసం వారం రోజులు షాపు మూసి తిరిగాడు. పలివెలలో రెండు, జొన్నాడలో ఒకటి, అమలాపురంలోనే ఒకటి దొరికాయి. ప్రతి గుమ్మంలోనూ నిజం చెప్పాకే కండెన్సరు మార్చాడు. ఐదోది రాజోలు వైపు మనిషెవరో కొన్నారు. ఆడమనిషో మగమనిషో కూడా ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.