పెద్దులు మెరినో బనీను

ఒమాన్‌లో సూర్ పట్టణం దాటి లోపలికి పోతే యాకూబ్ అనే అర్బాబ్‌కు, అంటే యజమానికి, ఒక తోట ఉంది. ఖర్జూరపు చెట్లు, గడ్డి మడులు, పక్కనే మేకల దొడ్డి. ఆ తోటకు కాపలా, వంట, మేత, నీళ్లు అన్నీ మన పెద్దులే. జగిత్యాల వైపు మనిషి. యాభై దాటాయి. మొదట రైసూత్ రేవులో సిమెంటు మోసి, నడుము పట్టేసిన తర్వాత ఇక్కడికొచ్చి పడ్డాడు. ఇన్నేళ్ల పరదేశంలో అతనికి బాగా ముదిరింది ఒక్క నోరు మాత్రమే. ఆ నోటితో రోజూ చెప్పే మాట కూడా ఒక్కటే.

"మేం కురుమోళ్లం. ఉన్ని సంగతి మమ్ములనే అడుగాలె."

ఆ ఎండల్లో ఉన్ని సంగతి ఎవడికి కావాలి? అయినా అతను ఊరుకోడు. అర్బాబ్ ఇంట్లో పని చేస్తూ రూమ్‌లో తోడుండే ఓంకార్ దుప్పటి కప్పుకుంటే చాలు, అందులో నైలాన్ ఎంతో, పత్తి ఎంతో వేళ్లతో నలిపి తేల్చేసేవాడు. గొంగడి ముందు రగ్గెంత అనేవాడు. గొంగడి కప్పుకున్నోడికి వానా చలీ ఒక లెక్కా అనేవాడు. ఓంకార్ కుర్రతనం మీదున్నవాడు, పైగా మర్యాదస్తుడు కాబట్టి "అవ్ కాకా" అని అటు తిరిగి పడుకునేవాడు.

అసలు నిజం చెప్పాలంటే, పెద్దులు పలక పట్టే వయసుకే వాళ్ల నాయన గొర్రెల మందనంతా అమ్మేశాడు. పెద్దులు గొర్రెకు కత్తెర పెట్టింది లేదు, ఉన్ని వడికింది లేదు. ఇంట్లో ఒక పాత గొంగడి ఉండేది. అది ఒళ్లంతా గుచ్చుతోందని ఏడిస్తే తల్లి కింద చీర వేసి పైన గొంగడి కప్పేది. అతనికీ ఉన్నికీ ఉన్న బాంధవ్యం అంతే. ఆ కాస్త పట్టుకుని గల్ఫ్‌లో పెద్ద పండితుడై కూర్చున్నాడు.

ఇక యాకూబ్ సంగతి. అతనికి వేట పిచ్చి. ఒమాన్ కొండమేకను ముట్టుకుంటే జైల్లో వేస్తారు కాబట్టి, ప్రతి చలికాలం కిర్గిజిస్తాన్ అనే మంచు దేశానికి విమానమెక్కి పోయి, అక్కడ పర్మిట్ తీసుకుని, అక్కడి కొండమేకల మీద ప్రతాపం చూపిస్తాడు. చూపిద్దామనుకుంటాడు అనడం న్యాయం. ఎందుకంటే క్రితం ఏడాది ఒక్క కొమ్ము కూడా తేలేదు. తుపాకీ గురి తప్పిందని ఒప్పుకుంటే పరువు పోదూ? అందుకని తప్పంతా లోపల తొడుక్కున్న బనీను మీదికి తోసేశాడు. సింథటిక్ బనీనట, చెమట కంపు పట్టేసిందట, ఆ కంపుకు మేకలు కొండ అవతలి నుంచే పసిగట్టి పారిపోయాయట. దోస్తులు విని పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆ నవ్వులు తట్టుకోలేక ఈసారి యాకూబ్ రెండు నిర్ణయాలు చేశాడు. బనీను సంగతి ముందే తేల్చుకోవాలి. కిర్గిజ్ వాళ్ల వంట తన కడుపుకు పడలేదు కాబట్టి, వండి పెట్టడానికి తన మనిషినొకణ్ణి వెంట తీసుకుపోవాలి.

ఆ మాట చెవిన పడిన రోజు పెద్దులు నిద్రపోలేదు. ఇసుక, సిమెంటు, మేకల పెంట తప్ప ఈ బతుకులో ఏం చూశాడని? మంచు చూడాలి. మంచులో నిలబడి ఫోటో దిగాలి. ఆ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పిలుపు రాకముందే భార్య లస్మవ్వకు ఫోన్ చేసి "అర్బాబ్ నన్నే తోల్కపోతుండు" అని చెప్పేశాడు. పొద్దు గుంకేలోపు ఊరంతా తెలిసిపోయింది.

బనీను కొనడానికి యాకూబ్ మస్కట్ పోతూ పెద్దుల్ని కూడా కారెక్కించుకున్నాడు. మత్రా సూక్ బజారులో వేట సామాను అమ్మే దుకాణం. అక్కడి సేల్స్‌మన్ గంగాధరం గోదావరి మనిషి. రెండు బనీన్లు బల్ల మీద పరిచి, అర్బాబ్‌కు అరబ్బీలో చెప్పిందే పెద్దులుకు తెలుగులో చెప్పాడు.

"ఇది మెరినో అండి, మెత్తటి గొర్రె ఉన్ని. చెమట పట్టినా ఓ పట్టాన కంపు కొట్టదు, తడిసినా వెచ్చగానే ఉంటది. కాకపోతే తొందరగా ఆరదు, త్వరగా చిరుగుద్ది, ధర మండిపోద్ది. ఇదేమో సింథటిక్కండి. పిండి ఆరేస్తే క్షణాల్లో ఆరిపోద్ది, ఎంత గుంజినా చిరగదు, చవక. కానీ రెండో రోజుకి మనిషి దగ్గర నిలబడలేమండి బాబూ."

పెద్దులు సింథటిక్ బనీనును రెండు వేళ్లతో ఎత్తి, చచ్చిన ఎలుకను పారేసినట్టు పక్కన పడేశాడు. "ప్లాస్టిక్ సంచి. దీంట్ల మనిషిని పెడ్తరా, ఉల్లిగడ్డల్ని పెడ్తరా?"

తర్వాత అర్బాబ్ వైపు తిరిగి, "ఊన్ అచ్ఛా అర్బాబ్. హమ్ ఊన్‌వాలా. మేరా బాప్, బాప్‌కా బాప్, సబ్ ఊన్‌వాలా" అని, తాతల నాటి నుంచి తమది ఉన్ని వంశమేనని గుండెల మీద కొట్టుకున్నాడు.

"బాబాయిగారూ, ఒక్కటి గుర్తుంచుకోండి. మెరినోకి వేన్నీళ్లు తగలకూడదండి," అన్నాడు గంగాధరం.

"నాకు చెప్తున్నవా?" అన్నాడు పెద్దులు. ఆ చూపుకు గంగాధరం గబుక్కున కవరు అందించాడు.

యాకూబ్ వ్యాపారస్తుడు. ఎవడి మాటా నమ్మడు. అతనికొక పరీక్ష తోచింది. పెద్దులు ఉన్ని బనీను వేసుకోవాలి, ఓంకార్ సింథటిక్ వేసుకోవాలి. ఇద్దరూ కొన్ని రోజులు జబల్ షమ్స్ కొండ మీద బరువులు మోస్తూ తిరగాలి, స్నానం చేయకూడదు, బనీను విప్పకూడదు. చివర్లో ఎవరు కంపు కొడుతున్నారో తను చూస్తాడు. ఏది గెలిస్తే అది తనకు. పరీక్షలో మనిషి పనితనం కూడా చూసి వంటవాణ్ణి ఎంచుకుంటాడు. మేకను చంపడానికి వేసుకునే బనీను కోసం ఇద్దరు మనుషుల్ని చెమటలో ఊరబెట్టాలనే ఆలోచన ఎవరికైనా వస్తుందా? డబ్బున్నవాడికి వస్తుంది. సరే అనడానికి డబ్బు లేనివాళ్లు ఎలాగూ ఉన్నారు.

ఇక్కడ పెద్దులు ఊరికే ఉంటే గెలిచేవాడే. ఊరికే ఉంటే అతను పెద్దులు ఎలా అవుతాడు? మెరినోను చేత్తో తడిమితే మరీ మెత్తగా ఉంది. గొంగడి బిరుసుగా ఉండేది కదా, దానికి చింతగింజల గంజి పట్టించేవాళ్లు కదా, వాన నీళ్లు అందుకే దిగేవి కావు కదా అని గుర్తొచ్చింది. చిన్నప్పుడు గడపలో నిలబడి చూసిన జ్ఞాపకం, అదీ సగమే. పులుసుకు తెచ్చుకున్న చింతపండులోంచి గింజలన్నీ ఏరి, దంచి, ఉడకబెట్టాడు. కుతకుతలాడే ఆ గంజిలో అంత ఖరీదైన బనీనును ముంచి, బకెట్లో వేసి కాళ్లతో కసాబిసా తొక్కాడు.

ఓంకార్ గుడ్లప్పగించి చూశాడు. "కాకా, వేన్నీళ్లు వద్దన్నడట కదా?"

"వాడు దుకాణపోడు. నేను కురుమోణ్ణి."

ఆరిన తర్వాత తీసి చూస్తే అది పసిపిల్లాడి చొక్కాలా ఉంది, పలకలా బిరుసెక్కింది. పెద్దులు ఊపిరి బిగబట్టి, మెలికలు తిరిగి, ఓంకార్ చేత వెనక నుంచి గుంజించుకుని ఎలాగో అందులో దూరాడు. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. అంచు బొడ్డు పైన నిలిచింది. పైన జాకెట్ వేసి జిప్పు మెడ దాకా లాక్కుని, ఏమీ ఎరగనట్టు కారెక్కాడు.

కొండ మీద పెద్దులు పడిన పాట్లు చూస్తే నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. చేతులు పైకి లేవవు. నెత్తిన డేరా మూట పెడితే పట్టుకోలేక నడుం వంచి తూలుతాడు. చంకల్లో ఒరుసుకుపోయి మండుతోంది. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి, బొడ్డు దగ్గర గాలి చల్లగా దూరుతోంది. అయినా మంచు దేశం కళ్ల ముందు పెట్టుకుని పళ్ల బిగువున నడిచాడు. ఓంకార్ మాత్రం తన ప్లాస్టిక్ సంచిలో హాయిగా మోశాడు, వండాడు, పాత్రలు తోమాడు. కాకపోతే గంగాధరం చెప్పినట్టే అతని పక్కన నిలబడటం కష్టమైంది.

పరీక్ష ముగిసే రోజు యాకూబ్ దోస్తులు కూడా వచ్చారు. తివాచీ పరిచి, కాఫీ తాగుతూ, పనివాళ్లిద్దర్నీ ఎదురుగా నిలబెట్టారు. యాకూబ్ లేచి వచ్చి ఓంకార్ దగ్గర వంగాడు, వెంటనే ముక్కు మూసుకుని వెనక్కి గెంతాడు. దోస్తులు చప్పట్లు కొట్టారు. తర్వాత పెద్దులు వేసుకున్న జాకెట్ జిప్పును యాకూబే కాస్త కిందికి లాగి, మెడ దగ్గర, చంక దగ్గర ముక్కు పెట్టి బాగా పీల్చాడు.

"మాఫీ కంపు," అన్నాడు ఆశ్చర్యంగా. "కంపు లేదు. తమర్ హిందీ వాసన!" అంటే చింతపండు.

పెద్దులు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఉన్ని గెలిచింది, కురుమలు గెలిచారు, మంచు అతనిదే అనుకున్నాడు. అంతలో యాకూబ్ "హాత్ ఉఠావ్" అని చెయ్యి పట్టి పైకెత్తాడు. చంక కుట్టు టప్పున తెగింది. జాకెట్ విప్పి చూసిన దోస్తులు తివాచీ మీద దొర్లి దొర్లి నవ్వారు. ఒకడు ఫోన్‌లో వీడియో తీశాడు. పెద్దులు కూడా వాళ్లతో పాటు నవ్వుతూ నిలబడ్డాడు.

యాకూబ్ తీర్పు చెప్పేశాడు. ఉన్ని మంచిదే, తనకు రెండు కొత్తవి కొనుక్కుంటాడు. వంటవాడికి ఉన్ని దేనికి? సింథటిక్ బనీను ఎలాగూ కొన్నదే ఉంది. అది ఓంకార్‌కు సరిపోయింది. కాబట్టి ఓంకార్ వస్తాడు.

"సారీ పెద్దులు," అన్నాడు ఓంకార్‌ను వెంట పెట్టుకుపోతూ. "తుమ్ బక్రీ దేఖో." మేకల్ని చూసుకొమ్మని.

ఊరికి ముందే కబురు చేసిన మనిషి ఇప్పుడు ఏం చెప్పాలి? రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. చివరికి లస్మవ్వ వీడియో కాల్‌లో నిలదీస్తే అంతా కక్కేశాడు. గంజి సంగతి దగ్గర ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"గంజి పెట్టుడు మీ అమ్మ పని. ఒక్కనాడన్న పక్కకు కూసోని సూసినవా? మన మొరటు గొంగడికి పెట్టింది ఆ మెత్తటి దానికి పెడ్తరా? తూ, నీ ఉన్ని తెలివి మన్నుగాను!"

అతనూ ఇబ్బందిగా నవ్వి, పరీక్ష ఎలా జరిగిందో చెప్పాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఏంది? సంకల మూతి వెట్టి వాసన సూసిండా?"

"అవ్. బనీను కోసం."

"నలుగురి ముంగట?"

"అవ్."

"గొర్రెను కొనేటోడు పండ్లు సూస్తడు. వాడు నీ సంకలు సూసిండు. నువ్వు ఇగిలించుకుంట నిలవడ్డవ్." ఆమె ఫోన్ పెట్టేసింది.

మంచుకు పోలేకపోయినందుకు పెద్దులు ఏడవలేదు. ఆ మాటకు మాత్రం దొడ్డిలో మేకల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

కొన్నాళ్లకు ఓంకార్ మంచులో నిలబడ్డ ఫోటో పంపాడు, వెనకే వాయిస్ మెసేజ్ పెట్టాడు. అర్బాబ్ ఖరీదైన ఉన్ని బనీను వేసుకుని బండ వెనక పొంచి ఉన్నాడట. పొంచి ఉన్నవాడు ఊరుకోక వేడి చాయ్ తెమ్మన్నాడట. ఓంకార్ ఫ్లాస్క్ పట్టుకుని పాక్కుంటూ పోయాడట, ఎన్నాళ్లుగానో విప్పని ఆ సింథటిక్ బనీనులోనే. "మేకలు గట్ల ముక్కులు లేపినయ్ కాకా. మళ్ల చూస్తె కొండ మీద ఒక్కటి లేదు. అర్బాబ్ చాయ్ పారబోసిండు."

యాకూబ్ ఈసారి కూడా కొమ్ముల్లేకుండానే దిగాడు. పనివాడి బనీను మీద పీనాసితనం చేస్తే కొండమేకలు వదిలిపెడతాయా? వచ్చిన వారానికే కొత్త మెరినో బనీను చేత పట్టుకుని తోటకు వచ్చాడు.

"పెద్దులు! తుమ్ సచ్ బోలా. ఊన్ అచ్ఛా. అగ్లా సాల్ తుమ్ ఆయేగా. యే తుమ్హారా." వచ్చే ఏడాది పెద్దుల్నే తీసుకుపోతానని, ఈ బనీను అతనికేనని, ముందు మళ్లీ కొండ మీద పరీక్ష పెడతానని, ఈసారి బనీను ఉడకబెట్టొద్దని నవ్వి, అలవాటుగా పెద్దులు భుజం దగ్గరికి ముక్కు వంచాడు.

ఎన్ని రాత్రులు కలగన్న పిలుపో అది. పెద్దులు ఒక్క క్షణం బనీను వైపు చూశాడు. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి, రెండు వేళ్లతో పై పెదవి ఎత్తి, పళ్లు కనబడేలా నోరు బార్లా తెరిచాడు.

"దాంత్ భీ దేఖో, అర్బాబ్."

యాకూబ్ శుక్రవారం శుక్రవారం మేకల సంతకు పోయేవాడే. మేక పెదవి ఎత్తి, పళ్లు చూసి, వయసు కట్టి బేరమాడేవాడే. ఆ మాట అతనికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. ముఖం కందగడ్డలా ఎర్రబడింది. బనీను చంకలో పెట్టుకుని కారెక్కి పోయాడు.

తర్వాతి ఏడాది అతను ఇంకెవర్నో తీసుకుపోయాడు. పెద్దులు ఇప్పటికీ ఆ తోటలోనే ఉన్నాడు. ఉన్ని గురించి మాట్లాడటం మానేశాడు. ఓంకార్ పంపిన ఫోటోలో తప్ప మంచును చూడలేదు.